ఉప్పు బోరు నీళ్ళతో పెరటి కూరగాయలు: కాలవ చివర ఊళ్ళోళ్ళు ఏం వేస్తన్నారు?

సఖినేటిపల్లి కోడలు:
నమస్తే అండి అందరికీ. మా ఇంటెనకాల దొడ్డి ఉంది, కొబ్బరిచెట్ల నీడ పోగా ఎండ తగిలే జాగా ఓ రెండు సెంట్లుంటది. కాలవ పారినన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదండి, వేసవిలో కాలవలు కట్టేశాక మాత్రం బోరే గతి, ఆ నీళ్ళు పుక్కిలిస్తేనే తెలిసిపోద్ది ఉప్పని. పచ్చిమిర్చి ఆకుల అంచులు మాడి ముడుచుకుపోతన్నాయి, చిక్కుడు గింజ పెడితే రెండాకులేసి ఆగిపోయింది, తోటకూర ఒక్కటే నాకేంటన్నట్టు పెరుగుతంది. పొద్దున్నే చూస్తే మడి మీద తెల్లగా పొర కట్టి ఉంటంది. మా ఆయన జిప్సం తెచ్చి జల్లేద్దాం అంటన్నారు, మా అత్తగారు ఆ డబ్బులకి కూరగాయలే వచ్చేత్తాయి కదే అంటారు. ఇలాంటి నీళ్ళున్నోళ్ళు ఏం చేస్తన్నారో కాస్త చెప్పండి.

పాలకొల్లు పెరడు:
నోటితో రుచి చూడ్డం కాదండి, ఒక టీడీఎస్ మీటరు కొనుక్కోండి, నీళ్ళల్లో ఉప్పులు ఎంత కరిగున్నాయో అంకెలో చూపిస్తది, పెన్నులా ఉంటది, పెద్ద ఖరీదు కూడా కాదు. 500 లోపు చూపిస్తే ఏ కూరగాయకైనా భయం లేదు, 1500 దాటిందంటే మాత్రం మొక్క చూసి ఏరుకోవాల్సిందే. ఇంకోటి, మీ ఇంట్లో ఆర్వో మిషను ఉంటే దాని వేస్టు పైపు నీళ్ళు మొక్కలకి పొయ్యకండి. చాలామంది నీళ్ళు వృథా అవుతున్నాయని బకెట్లో పట్టి మరీ పోస్తారు, మంచినీళ్ళు తీసేశాక మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటది కదా, బోరు కన్నా అదే ఎక్కువ చూపిస్తది మీటర్లో. ఇల్లు తుడుచుకోండి, బాత్రూం కడుక్కోండి.

భీమవరం బుల్లోడు:
జిప్సం వెయ్యండి మేడం, మా బాబాయ్ చేలో వేస్తే సూపర్‌గా సెట్ అయింది, ఆలోచించకండి

తోటబడి మేష్టారు:
బుల్లోడు గారూ, మీ బాబాయి గారిది కారు చౌడు అయ్యుంటుందండి, ఈవిడ చెప్పేది పాల చౌడు లక్షణం. ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఏమీ అనుకోవద్దు. కారు చౌడులో సోడియం మట్టిని పట్టేసుకుని ఉంటుంది, తడిస్తే బంక, ఎండితే రాయి, పీహెచ్ 8.5 దాటుతుంది. అక్కడ జిప్సంలో ఉన్న కాల్షియం వెళ్ళి ఆ సోడియాన్ని బయటికి నెడుతుంది, అందుకే గుణం కనిపిస్తుంది. పాల చౌడులో ఉన్నది మామూలు కరిగే ఉప్పులే, పరీక్షలో ఇసి, అంటే మట్టిలో కరిగే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 4 దాటి వస్తుంది, దానికి జిప్సం జల్లితే ఇంకో ఉప్పు కలిపినట్టే. దాని మందు మంచినీళ్ళు, ఆ నీళ్ళు బయటికి పోయే దారి, అంతే. మన కాలవ చివర ఊళ్ళల్లో ఊట బాగా పైకే ఉంటుంది, ఎండాకాలం మట్టి కింద తేమని పైకి లాక్కుంటుంది, నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది, మీరు పొద్దున్నే చూస్తున్న తెల్లపొర అదే. ముందు మట్టి పరీక్ష చేయించుకోండి, పార ఒక గుచ్చు దించి ఆరంగుళాల లోతు దాకా నాలుగైదు చోట్ల తీసి కలిపి అరకేజీ చాలు, ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడిగితే ఎక్కడికి పంపాలో చెబుతారు. ఆ తెల్లపొర ఒక్కటే గీకి పట్టుకెళ్ళకండి, లెక్క తప్పు వస్తుంది.

సఖినేటిపల్లి కోడలు:
అమ్మో థాంక్సండి మేష్టారూ. మరి మంచినీళ్ళు ఎక్కడినుంచి తేవాలండి, తాగడానికే టిన్ను కొనుక్కుంటన్నాం 😅

తోటబడి మేష్టారు:
కొనక్కర్లేదమ్మా, జూన్ నుంచి పైనుంచి పడేది అదే. తొలకరికి ముందే మడి చుట్టూ జానెడు గట్టు వేసి మట్టి గుల్ల చెయ్యండి, పెద్ద వాన పడ్డప్పుడు నీళ్ళు మడిలో నిలిచి కిందికి ఇంకాలి, ఇంకిన నీళ్ళు పోవడానికి మడి పక్కనే మోకాలి లోతు బోదె తవ్వి మురుగు కాలవలో కలపండి. బోదె లేకుండా ఉత్తినే గట్టు వేస్తే ఉప్పు ఎక్కడికీ పోదు, అక్కడే ఉండి మళ్ళీ ఎండలకి పైకొస్తుంది. అలా రెండు మూడు మంచి వానలు ఇంకాక మొక్క పెట్టండి. డాబా నీళ్ళు కూడా వదలొద్దు, వెయ్యి చదరపడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 900 లీటర్లు, రెండు డ్రమ్ములు పెట్టుకున్నా నారుమళ్ళకి సరిపోతాయి.

మొగల్తూరు గట్టు:
మాది మీకన్నా ఘోరం అండీ, పక్క చేలో రొయ్యల చెరువు తవ్వారు, అప్పట్నుంచి నుయ్యి కూడా ఉప్పెక్కింది, ఎవరితో చెప్పుకోవాలో తెలీదు అది వేరే గోల. అయినా కూరలు మానలేదు. మా దొడ్లో వేసవిలో కూడా నిలబడేవి గోరుచిక్కుడు, పాలకూర, తోటకూర, గట్ల మీద గంగపావిలి కూర. గోరుచిక్కుడు ఉప్పుకి మొండిదండి, కాకపోతే మొలకప్పుడు మాత్రం ఏ మొక్కైనా పసిదే, అందుకని గింజ పెట్టిన దగ్గర్నుంచి నాలుగాకులు వచ్చేదాకా డ్రమ్ములో వాన నీళ్ళు గాని టిన్ను నీళ్ళు గాని చెంబుతో పోస్తాను, తర్వాత బోరుకి అలవాటు పడిపోద్ది. చిక్కుడు, ఉల్లి, ముల్లంగి, బెండ ఇవి వేసవిలో బోరు మీద ఆశ పెట్టుకోకండి, వానాకాలం వేసుకోండి. మిర్చి, వంగ కుండీల్లోకి మార్చేశాను. నీళ్ళు ఆకుల మీద పడకుండా మొదట్లోనే పొయ్యాలి, ఆకు మీద పడ్డ చుక్క ఎండి ఉప్పు మిగిలి అక్కడే మాడుద్ది. సాళ్ళు తోలినప్పుడు సాలు గట్టు నెత్తి మీద కాకుండా పక్కన వాలులో మొక్క పెట్టండి, ఉప్పంతా నెత్తికే చేరుద్ది, మడి ఆరిపోయాక వేలితో గీకి చూడండి మీకే కనపడుద్ది, పైన గరగరలాడతది, పక్కన మామూలు మట్టే.

కడియం నర్సరీ కుర్రోడు:
కుండీలు అన్నారు కాబట్టి చెప్తున్నా అన్నా, కొబ్బరిపొట్టు డైరెక్ట్‌గా వాడేయకండి. సముద్రం సైడు ఉప్పు నీళ్ళల్లో డొక్కలు నానబెట్టి తీసిన పొట్టు అయితే దాన్లోనే ఉప్పు ఉంటది. గోనెసంచిలో వేసి మంచినీళ్ళతో బాగా నానబెట్టి పిండి, మళ్ళీ నానబెట్టి పిండి, పిండిన నీళ్ళల్లో మీటరు పెట్టి చూస్కోండి. మేము నారుకి లంక మట్టి, మాగిన గెత్తం, కడిగిన పొట్టు సమానంగా కలుపుతాం. నల్లమట్టి కుండీలో పోస్తే అంచులు వదిలేసి నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి, వేరుకి అందదు.

హైద్రాబాద్‌లో అమలాపురం:
ఇదంతా చదువుతుంటే ఇక్కడ మూడో అంతస్తు బాల్కనీలో ఎనిమిది గ్రో బ్యాగులు చూసి నాకే సిగ్గేస్తంది. కంద, బచ్చలి రెండూ బ్యాగుల్లోనే పెంచి కార్తీక మాసంలో కంద బచ్చలి కూర చేసుకోవాలని నా పంతం. ఎవరైనా బ్యాగులో కంద ఊరించారా?

పాలకొల్లు పెరడు:
పెద్ద బ్యాగు ఉండాలండీ, అడుగున్నర లోతు తక్కువైతే దుంప ఊరదు. బచ్చలి మాత్రం బాల్కనీ గ్రిల్లు పట్టుకుని మీ పై ఫ్లాటోళ్ళకి కూడా వెళ్ళిపోద్ది.

ఇందుపల్లి రమణమ్మ:
నేనొకటి అడుగుతా. మా కరివేపాకు, దొండ పాదు మీద నల్లగా మసి పట్టేస్తంది, తుడిస్తే చేతికి అంటుకుంటది, ఆకు జిడ్డుగా ఉంటది. ఉప్పు నీళ్ళ వల్లేనా ఇది కూడా? పురుగు ఏమీ కనపడ్డం లేదు దొండ మీద.

తోటబడి మేష్టారు:
పురుగు దొండ మీద కాదమ్మా, తలెత్తి కొబ్బరి మట్టల అడుగు చూడండి. సర్పిలాకార తెల్లదోమ, తెల్లటి మైనం చుట్టలు చుట్టలుగా కనపడుతుంది. అది కార్చే తేనె బంక కింద ఆకుల మీద పడి దాని మీద మసి బూజు పెరుగుతుంది. ఉప్పుకీ దీనికీ సంబంధం లేదు. కింద మొక్కలకి పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కుంకుడు రసం కొంచెం. పొరపాటున కూడా గట్టి పురుగుమందులు కొట్టకండి, ఈ దోమని తినే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ ఉంటుంది, మందుకి ముందు అదే చస్తుంది. కొబ్బరిచెట్లకి ఐసేరియా అని ఒక శిలీంధ్రం పిచికారీ చేయిస్తున్నారు, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళనడగండి, మీకు దగ్గరే కదా.

సఖినేటిపల్లి కోడలు:
ఇంకొక్కటే అడుగుతానండి. చిక్కుడు వానాకాలం వెయ్యమన్నారు కదా, కిందటేడు జులైలో పెట్టాను, పందిరంతా కమ్మేసింది గాని దసరా దాకా ఒక్క పువ్వు లేదు, మా అత్తగారు గొడ్డుపాదు పీకెయ్యమన్నారు, పీకేశాం.

మొగల్తూరు గట్టు:
అయ్యయ్యో పీకేశారా!! నాటు చిక్కుడు పగలు పొట్టి అయితేనే పూత పడుద్దండి, ఆషాఢంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా అది పూసేది కార్తీకానికే. దసరాకి ఆకే ఉంటది, సంక్రాంతికి కొయ్యలేక చస్తారు, రథసప్తమికి చిక్కుడుకాయల రథం కట్టుకున్నాక కూడా కాస్తది. నీళ్ళు తగ్గించండి, యూరియా అసలొద్దు. మా వీధిలైటు కింద పడ్డ సగం పందిరి ఎప్పుడూ లేటుగా పూస్తది, ఆ వెలుగుకి దానికి రాత్రి అయినట్టు తెలీదనుకుంటా.

భీమవరం బుల్లోడు:
ఏడాది పొడుగునా కాసే పొట్టి చిక్కుడు రకాలు కూడా ఉన్నాయి కదా, పందిరి గోల లేకుండా, అవి వేసుకోవచ్చుగా

కడియం నర్సరీ కుర్రోడు:
ఉన్నాయన్నా, ఏ సీజన్లో అయినా పూస్తాయి. కానీ ఈవిడ నీళ్ళకి వేసవిలో ఆ పొట్టిదీ ఆగిపోద్ది, నీళ్ళు మారకుండా రకం మార్చి లాభం లేదు. రుచి కూడా నాటుదే. అక్కా, గింజ కావాలంటే మీ ఊళ్ళోనే ఎవరి పందిరి మీదైనా ముదిరి ఎండిన కాయ అడగండి, ఆ మట్టికి అలవాటైన గింజ మా దగ్గర ప్యాకెట్లో దొరకదు.