అప్‌డేట్: బెయిలౌట్ వాల్వ్‌కి మౌత్‌పీస్ మార్చాను

నా రీబ్రీదర్‌కి (వదిలిన గాలినే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకునేలా ఇచ్చే డైవింగ్ పరికరం) బెయిలౌట్ వాల్వ్ (ఇబ్బంది వస్తే మౌత్‌పీస్ నోట్లోంచి తీయకుండానే విడి సిలిండర్ గ్యాస్‌కి మారే వాల్వ్) పెట్టించాక దాని బరువుకి దవడ లాగేస్తోంది, ఏ మౌత్‌పీస్ మంచిదని అడిగాను కదా. మీరన్నట్టే వేడినీళ్లలో మెత్తబరిచి పళ్లకు తగ్గట్టు కొరికి అచ్చు తీసుకునే రకం కొన్నాను. బరువు దవడ పళ్ల మీదికీ పరుచుకుంది, నొప్పి చాలావరకు పోయింది. తల వెనక స్ట్రాప్ కూడా పెట్టాను. స్పృహ తప్పినా మౌత్‌పీస్ నోట్లోంచి జారకుండా పట్టుకునేది అదే, దయచేసి ఎవరూ మానకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. వాల్వ్ మూసి లీకుల కోసం చేసే ప్రెషర్ టెస్ట్‌లో మౌత్‌పీస్ చిరుగు బయటపడదు. అందుకే మౌత్‌పీస్‌ని వాల్వ్‌కి బిగించే జిప్ టై అంచున, కొరికే చోట సిలికాన్‌ని వేలితో సాగదీసి చూస్తున్నాను. తర్వాత వాల్వ్‌ని బెయిలౌట్ వైపు తిప్పి, సిలిండర్ గ్యాస్ కట్టేసి పీలుస్తాను. గాలి అస్సలు రాకూడదు. చిన్న చిరుగు కనిపించినా కొత్తది వేసేయడమే.