మొండి పులిపిర్లకు హెచ్‌పీవీ టీకా: ఎవరైనా వేయించుకున్నారా?

మాది రాజోలు దగ్గర పల్లెటూరండీ. రొయ్యల చెరువుల మీద పని, రోజంతా కాళ్లు తడిలోనే. రెండేళ్ల కిందట కుడి అరికాల్లో ఒక పులిపిరి వచ్చింది, ఇప్పుడు ఏడయ్యాయి. గట్టు మీద నడుస్తుంటే ప్రతి అడుగూ గులకరాయి మీద వేసినట్టే. మా మామ్మ మాట విని సున్నం పెడితే చర్మం కాలింది గానీ పులిపిరి కదల్లేదు (మీరు మాత్రం పెట్టకండి). మూడు నెలలు సాలిసిలిక్ యాసిడ్ రాశాను. లిక్విడ్ నైట్రోజన్ కూడా నాలుగుసార్లు పెట్టించాను. మళ్లీ వచ్చాయి.

ఇప్పుడు డాక్టరు గారు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు వేసేది) టీకా మందు పులిపిరిలోకే ఎక్కిద్దాం, తగ్గకపోతే హెచ్‌పీవీ (పులిపిర్లు తెచ్చే వైరస్) టీకా చూద్దాం అంటున్నారు. పులిపిర్లు తగ్గించడానికని హెచ్‌పీవీ టీకాకు అనుమతి లేదని కూడా ఆయనే చెప్పారు. నా సందేహం ఒకటే. గార్డసిల్ 9 అనే హెచ్‌పీవీ టీకా అడ్డుకునేది ఆ వైరస్‌లో 6, 11, 16, 18 లాంటి రకాలను. అరికాలి పులిపిర్లు తెచ్చేవి ఎక్కువగా 1, 2, 4, 27, 57 రకాలు. మరి ఇది ఎలా పనిచేస్తుంది? ధర తలుచుకుంటేనే టెన్షన్.

పెద్దవాళ్లలో ఎవరైనా వేయించుకున్నారా? చేతికా, పులిపిరిలోకా? ఎన్ని డోసులకు తేడా తెలిసింది? నాకు షుగర్ కూడా ఉంది. తగ్గనివాళ్లు కూడా చెప్పండి, ప్లీజ్.