నెలల పాపతో హైదరాబాద్‌లో అద్దె ఇల్లు: పాత ఓనరు మంచి మాట చెప్పకపోతే దారేంటి?

ఉప్పల్ డిపో:
బడ్జెట్ 10,000 లోపు, మెయింటెనెన్స్ కలిపి. సింగిల్ బెడ్‌రూమ్ చాలు. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు అయితే మెట్రోకి దగ్గర. పాపకి ఇరవై రోజులు. తల్లీబిడ్డా పుట్టింట్లో ఉన్నారు, మూడో నెలలో తీసుకురావాలి. ఖాళీ చేసిన ఇంట్లో ఒక నెల అద్దె 8,000, కరెంటు బిల్లు 1,400 బాకీ. అడ్వాన్స్ 16,000 ఓనరు దగ్గరే ఉంది, అదంతా పెయింటింగ్‌కి, అద్దెకి చెల్లయిపోయిందంటారు. కొత్త ఓనర్లు ఆయనకి ఫోన్ చేస్తే "టైముకి కట్టరు" అని చెబుతున్నారు. చంటిపిల్ల అనగానే ఇంకొందరు ఫోన్ పెట్టేస్తున్నారు. ఈ బాకీ సిబిల్‌లో (బ్యాంకులు చూసే అప్పుల రికార్డులో) పడుతుందా? బ్రోకర్ లేకుండా కుదురుతుందా?

అగ్రిమెంట్ రైటర్:
సిబిల్ భయం వదిలేయండి. ఇంటి ఓనరు బ్యాంకు కాదు, ఆయనకి పడ్డ బాకీ అక్కడికి వెళ్లదు. అద్దె క్రెడిట్ కార్డుతో కట్టి కార్డు బిల్లు ఎగ్గొడితే మాత్రం పడుతుంది. పోలీసు టెనెంట్ వెరిఫికేషన్‌లో చూసేది మీరెవరు, కేసులున్నాయా అన్నదే. మన ఊళ్లో అద్దె చరిత్ర అంటే పాత ఓనరు ఫోన్, వాచ్‌మన్ నోరు, ఆ ఏరియా బ్రోకర్ల వాట్సాప్ గ్రూపు. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కూడా.

ఇప్పుడు మీ లెక్క. అద్దె 8,000, కరెంటు 1,400 కలిపి 9,400. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ వాడుక, ఆ 8,000 కూడా వేస్తే 17,400. అడ్వాన్స్ 16,000 తీసేస్తే మిగిలిన బాకీ 1,400 మాత్రమే. పాత అగ్రిమెంట్ తీసి చూడండి. పెయింటింగ్ మాట అందులో లేకపోతే ఆయనే మీకు 6,600 ఇవ్వాలి.

వెళ్లి 1,400 కట్టేసి ఒక కాగితం రాయించుకోండి. ఇంటి నంబరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నారు, అడ్వాన్స్ ఎంత, అందులో ఏవేం కోశారు, చివరి మీటర్ రీడింగ్, తాళాలు ఇచ్చిన తేదీ, "ఇక బాకీ లేదు" అన్న వాక్యం, ఆయన సంతకం. సంతకానికి వెనకాడితే ఇదే విషయం మీరు వాట్సాప్‌లో రాసి పంపి, "అవును" అన్న జవాబు తెప్పించండి. కొత్త ఓనరు ఫోన్ చేసినప్పుడు ఆయన ఏం చెప్పినా, మీ చేతిలో ఆయన మాటే ఉంటుంది.

కొత్తపేట చౌరస్తా:
6,600 అలా వదులుకోవడమేంటండీ? అగ్రిమెంట్‌లో లేని పెయింటింగ్ కోత చెల్లదు. న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోసం) అర్జీ పెడితే ఓనర్ని పిలిచి కూర్చోబెడతారు, కోర్టు ఫీజు లేదు. 15100కి ఫోన్ చేస్తే దగ్గరి ఆఫీసు చెబుతారు. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, పాత అగ్రిమెంట్ మీద మీ ఆవిడ పేరు ఉంటే ఆవిడ పేరుతోనే పెట్టండి.

అగ్రిమెంట్ రైటర్:
హక్కు ఉంది, కాదనను. కానీ ఈ రెండు నెలల్లో ఆయనకి వచ్చే ప్రతి ఫోనూ మీ ఇంటి మీద ప్రభావం చూపిస్తుంది. అర్జీ పెట్టిన మర్నాడు ఆయన ఏం చెబుతారో ఊహించుకోండి. ముందు కాగితం, తర్వాత ఇల్లు. డబ్బుల గొడవ అంతగా పెట్టుకోవాలనుకుంటే ఆ కాగితంలో "పెయింటింగ్ కోత నాకు సమ్మతం కాదు" అని ఒక ముక్క మీ తరఫున రాసి ఉంచండి. దానికే ఆయన ఒప్పుకోకపోతే, 6,600 కావాలా మంచి మాట కావాలా మీరే తేల్చుకోవాలి.

బస్తీ బాబాయ్:
ఇల్లు దేవులాడుడు సంగతి నేను జెప్త తమ్మీ. పది వేల లోపల పోర్షన్లు యాప్‌ల తక్కువ, ఉన్నా బ్రోకర్లు పెట్టినయే ఎక్కువ. మెయిన్ రోడ్డు మీద దిగి లోపలి గల్లీల తిరగాలె. పొద్దుగాల ఆరున్నర, ఏడింటికి ఓనర్లు వాకిట్ల ఉంటరు, టులెట్ బోర్డు లేకున్నా అడగొచ్చు. కిరాణం, ఇస్త్రీ బండి, వాటర్ ప్లాంట్, వీళ్లకు ఎవరు ఖాళీ జేస్తున్నరో బోర్డు పెట్టకముందే ఎరుక. నెలల 20వ తారీఖు దాటినంక తిరుగు. ఒకటో తారీఖు లోపల కొత్తోళ్లు రాకపోతే ఒక నెల కిరాయి పోతదని ఓనరుకు గుబులు, అప్పుడు పాత ముచ్చట్లు తవ్వడు.

ఇంకోటి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఈ మూడు నెలల్ల మనోళ్లు ఇల్లు మారరు. ఇండ్లు ఖాళీగుంటయి. అప్పుడు అడిగితే కిరాయి అయిదొందలు, వెయ్యి తగ్గుతది, లేకుంటే సగం నెల మాఫీ జేస్తరు. మంచి రోజు జూసి పాలు పొంగిచ్చుకొని తాళం తీస్కొ, సామాను తర్వాత తెచ్చుకో. ఏప్రిల్, మే, జూన్ల మాత్రం తిరగకు. స్కూళ్లు మారెటోళ్లంతా ఆ నెలల్లనే ఉరుకుతరు.

బ్రోకర్ మామూలుగ ఒక నెల కిరాయి అడుగుతడు, చిన్న పోర్షన్లకు సగం నెలకు దిగుతడు. ఇల్లు చూపియ్యకముందే పైసలడిగితే ఆడికెల్లి వచ్చెయ్.

వనస్థలిపురం లెక్కలు:
చేతిలో ఎంత ఉండాలో తెలియకుండా తిరిగితే టోకెన్ ఇచ్చాక ఇరుక్కుంటారు. 9,000 ఇల్లు అనుకోండి. రెండు నెలల అడ్వాన్స్ 18,000, మొదటి నెల 9,000, బ్రోకర్ 4,500 నుంచి 9,000, ట్రాలీ ఆటో, హమాలీలు కలిపి 2,000 నుంచి 3,000. అంటే 34 నుంచి 39 వేలు. పెట్టెలో 30 వేలే ఉంటే 9,000 ఇల్లు మీ బడ్జెట్‌లో లేనట్టే, 7,500 వైపు చూడండి. లేదా బ్రోకర్ ఖర్చు పూర్తిగా తప్పించాలి.

ఏఎన్ఎం అక్క:
అద్దె ఎందుకు తక్కువో చూడకుండా ఒప్పుకోకండి తమ్ముడూ. ఈ ధరలో ఎక్కువగా దొరికేవి మూడు: పైన రేకుల పెంట్‌హౌస్, గాలి రాని మధ్య పోర్షన్, నేలమట్టంలో చెమ్మ గది. రేకుల గది ఎంత చవకైనా చంటిబిడ్డకి వద్దు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల ఉక్కపోతకి బిడ్డ పాలు తాగడం మానేస్తుంది, ఒళ్లు కాలిపోతుంది. స్లాబు ఇల్లే అయినా పై అంతస్తు అయితే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. పొద్దున చూస్తే ఏమీ తెలియదు.

చెమ్మకి ఇలా చూడాలి. గోడ కింది అడుగు భాగం మీద, బీరువా వెనక, బాత్రూమ్ అవతలి గోడ మీద అరచేయి ఆనించండి. ఒక్కచోట మాత్రమే కొత్త సున్నం కొట్టి ఉంటే అక్కడే లీకేజీ. కిటికీ గ్రిల్లుకి పాత ఎనామెల్ రంగు పెచ్చులుగా లేస్తుంటే గీకించి మళ్లీ వేయించమనండి. 2017 నవంబరు తర్వాత తయారయ్యే ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన వచ్చింది, అంతకుముందు వేసిన రంగులకి ఆ భరోసా లేదు. ఇప్పుడు పాపకి ఏం కాదు, పాకే వయసులో పెచ్చులు నోట్లోకి వెళతాయి. కొత్తగా రంగులు వేస్తే కనీసం వారం, పది రోజులు కిటికీలు తెరిచి ఉంచాకే పాపని తీసుకురండి.

సిజేరియన్ అయితే లిఫ్టు లేని మూడో అంతస్తు అనుకోవద్దు. బియ్యం బస్తా, నీళ్ల క్యాన్, పాప అన్నీ ఆ మెట్ల మీదే ఎక్కాలి. డాబా మీద బట్టలారేసుకునే వీలుందా అని ముందే అడగండి, రోజుకి పది, పన్నెండు గుడ్డలు ఆరాలి. వర్షాకాలం గదిలోనే ఆరేస్తే చెమ్మ, ముక్కిపోయిన వాసన.

టీకాల గురించి కంగారు వద్దు. 6, 10 వారాలవి పుట్టింటి దగ్గరే అయిపోతాయి, 14 వారాలది కొత్త ఇంటి దగ్గర అర్బన్ పీహెచ్‌సీలో వేస్తారు. తల్లీబిడ్డల కార్డు పోగొట్టకుండా తెచ్చుకోవడమే. వచ్చిన వారంలో దగ్గరి అంగన్‌వాడీలో పేరు రాయించండి. పాపకి ఆరు నెలలు నిండేదాకా తల్లికి ఆరోగ్యలక్ష్మి భోజనం, పాలు, గుడ్డు ఉంటాయి. నెల ఖర్చులో అదీ ఒక కలిసివచ్చేదే.

మీటర్ రీడింగ్:
కరెంటు విషయం ఎవరూ రాయలేదు. పోర్షన్‌కి విడి మీటరు, దాని సర్వీస్ నంబరు ఉందా? ఒకే మీటరు కింద మూడు పోర్షన్లుంటే అందరివీ కలిసి 200 యూనిట్లు దాటుతాయి, దాటితే మొదటి యూనిట్ నుంచే పెద్ద రేటు. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అని ఓనరు తన ఇష్టం వచ్చినట్టు వసూలు చేస్తారు. తెల్ల రేషన్ కార్డు ఉంటే 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు, కిరాయిదారులకీ వర్తిస్తుంది. కానీ విడి మీటరు ఉంటేనే ప్రయోజనం, మారాక కొత్త సర్వీస్ నంబరుని కార్డుకి కలిపించుకోవాలి. ఇల్లు చూసేటప్పుడే పాత బిల్లు ఒకటి ఫోటో తీసుకోండి. మొత్తం బాకీ కూడా దాని మీదే కనిపిస్తుంది.

నీళ్లు: నల్లా ఎన్ని రోజులకోసారి, బోరు ఏప్రిల్‌లో ఎండుతుందా, ట్యాంకర్ తెప్పిస్తే ఎవరి ఖర్చు. ఈ మూడోది అగ్రిమెంట్‌లో రాయించండి. ఓనరు చెప్పేదానికన్నా కింది పోర్షన్ ఆవిడ చెప్పేది నిజం.

సుచిత్ర సర్కిల్:
పాప గురించి ముందు చెప్పకుండా ఇల్లు ఖాయం చేసుకుని తర్వాత చెప్పొచ్చు కదా? చెబితేనేగా కాదంటున్నది.

కొత్తపేట చౌరస్తా:
అలా చేస్తే మొదటి వారంలోనే మాట పోతుంది. కాదనే ఓనర్లలో రెండు రకాలు. పురిటి మైల పట్టించుకునేవాళ్లు: వాళ్లకి "పురుడు పుట్టింట్లోనే అయింది, బారసాల కూడా అక్కడే, మూడో నెలలో వస్తారు" అనగానే సగం అభ్యంతరం తీరిపోతుంది. రెండోవాళ్లకి భయం నీళ్లు, జనం. బాలింతతో పాటు అత్తగారు, వచ్చిపోయే చుట్టాలు, రోజుకి రెండుసార్లు స్నానాలు, ఉతుకులు. వాళ్లకి లెక్క చెప్పాలి: "మేమిద్దరం, పాప, మొదటి మూడు నెలలు మా అత్తగారు. నీళ్లకి నెలకి 200 ఎక్కువ ఇస్తాం." అంకె చెబితే బేరం మొదలవుతుంది. చెప్పకపోతే వాళ్లే పదిమందిని ఊహించుకుంటారు. "మీరే కులం, వెజ్జా నాన్‌వెజ్జా" అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఇష్టం లేకపోతే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి, అలాంటి గుమ్మంలో బిడ్డ ఏడ్చినా తప్పే.

ఉప్పల్ డిపో:
లెక్కలు, కాగితం అర్థమయ్యాయి. ఓనరుకి నమ్మకం కోసం మూడు నెలల అడ్వాన్స్ ఇస్తాననొచ్చా? ఒకాయన ఖాళీ చెక్కు అడిగారు.

అగ్రిమెంట్ రైటర్:
ఖాళీ చెక్కు ఇవ్వకండి. దాని మీద ఎంత అంకె వేస్తారో మీ చేతిలో ఉండదు. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. అద్దె గొడవకి అంత ఆయుధం ఎదుటివాళ్లకి ఇవ్వక్కర్లేదు. దాని బదులు జీతం పడ్డ మర్నాటికి బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ప్రతి నెలా అద్దె దానంతటదే వెళ్లే ఏర్పాటు) పెట్టి, ఆ స్క్రీన్ ఓనరుకి చూపించండి. ఆలస్యం అవుతుందన్న భయానికి సూటి జవాబు అదే.

మూడో నెల అడ్వాన్స్ ఇవ్వొచ్చు, ఒక షరతుతో: "ఆరు నెలలు అద్దె టైముకి కడితే ఏడో నెల అద్దెలో సర్దుబాటు" అని రాయించాలి. రాయకపోతే ఆ డబ్బు ఖాళీ చేసేరోజు దాకా రాదు. జామీను అడిగితే ఉద్యోగంలో ఉన్న బంధువు సంతకం పెట్టించండి. సాక్షి సంతకం వేరు, జామీను (మీరు కట్టకపోతే తాను కడతానన్న పూచీ) వేరు, ఆ జామీను "రెండు నెలల అద్దె వరకే" అని రాయాలి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు. అందులో పెయింటింగ్ కోత ఎంతో అంకె వేయండి. నోటీసు నెల, రెండువైపులా ఒకటే. ఏటా పెంపు శాతం. తాళం తీసుకున్న రోజు మీటర్ రీడింగ్. గోడలు, కుళాయిలు, స్విచ్ బోర్డులు వీడియో తీసి అదేరోజు ఓనరుకి వాట్సాప్ చేయండి, ఖాళీ చేసేటప్పుడు "ఇది మీరే పగలగొట్టారు" అన్న మాట రాదు.

బస్తీ బాబాయ్:
ఇంకో మాట. ఫోన్ల "ఆర్మీల జేస్త, ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కు పైసలు పంపు" అంటే అది మోసమే. క్యూఆర్ కోడ్ స్కాన్ జేస్తే పైసలు పోవుడే తప్ప వచ్చుడుండదు. పోయినయా, ఎంబడే సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ జెయ్యి. "మూడు లక్షలియ్యి, రెండేండ్లు కిరాయి లేదు" అనే లీజు ముచ్చట గుడ నీకిప్పుడొద్దు. ఇంటి మీద బ్యాంకు లోన్ ఉంటే బ్యాంకోళ్లొచ్చి నిన్ను లేపుతరు, పైసలు ఓనరు కాడ్నే ఇరుక్కుంటయి.

ఉప్పల్ డిపో:
పీర్జాదిగూడలో ఒకటి చూశాను, 8,500, విడి మీటరు, మొదటి అంతస్తు. ఓనరు 2,000 టోకెన్ ఇమ్మంటున్నారు. పాత ఓనరు కాగితం ఇంకా రాలేదు.

అగ్రిమెంట్ రైటర్:
టోకెన్ యూపీఐలో పంపండి, నోట్‌లో "అద్దె టోకెన్, అడ్వాన్స్‌లో కలుస్తుంది" అని రాయండి. ఓనరు తర్వాత ఇల్లు ఇవ్వనంటే టోకెన్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో మెసేజ్ పెట్టించుకోండి. పాత బాకీ సంగతి టోకెన్‌కి ముందే మీ నోటితో చెప్పండి, 1,400 కట్టిన రసీదు చూపించి. కొత్త ఓనరు పాతాయనకి ఫోన్ చేసి వినేలోపే మీరు చెప్పి ఉండాలి.