కొత్త కార్డు పెట్టంగనే సర్వర్‌ల ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ పోర్టు) పేర్లు మారినయ్, ఎందుకు?

మడికొండ_సిస్టమ్స్:
మడికొండ ఆఫీసుల ఉన్న టవర్ సర్వర్, ఉబుంటు 22.04. బోర్డు మీది పోర్టు ఈఎన్‌ఓ1. దానికి తోడు రెండు పోర్టుల 10 గిగాబిట్ కార్డు: ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్0, ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్1. ఖాళీ స్లాట్‌ల ఎన్‌వీఎంఈ (ఎస్‌ఎస్‌డీ) అడాప్టర్ పెట్టి ఆన్ చేస్తే ఆ రెండూ ఈఎన్‌పీ4 అయినయ్. నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల) ఫైల్‌ల పాత పేర్లే ఉన్నయ్ కాబట్టి ఐపీ రాలే, వీల్యాన్‌లన్నీ (ఒకటే పోర్టు మీద విడగొట్టిన నెట్‌వర్క్‌లు) పడిపోయినయ్. ఈఎన్‌ఓ1 మాత్రం అట్లనే ఉంది. పేర్లు మారొద్దనే కదా ఈ కొత్త పేర్ల పద్ధతి వచ్చింది? గ్రబ్‌ల (బూట్ లోడర్‌ల) నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 పెట్టి పాత ఈటీహెచ్0, ఈటీహెచ్1కే పోతే ఈ పీడ పోతదా?

మానేరు_నెట్:
పోదు తమ్మీ, ఇంతకన్న పెద్దది చుట్టుకుంటది. ఈటీహెచ్ పేర్లు లినక్స్ కెర్నెల్ ఇచ్చేటివి. ఏ పోర్టు ముందు దొరికితే దానికి 0, తర్వాత దొరికినదానికి 1. డ్రైవర్లు ఏ వరుసల లేస్తయో గ్యారంటీ లేదు, ఈ బూట్‌ల 0 ఉన్నది ఇంకో బూట్‌ల 2 కావచ్చు. ఇప్పుడు పేరు మారితే లింకు పడిపోయి వెంటనే తెలిసింది. ఈటీహెచ్ పేర్లయితే లోపలి నెట్‌వర్క్‌కు రాసిన ఫైర్‌వాల్ రూల్ పోయి బయటి పోర్టుకు తగుల్తది, ఎవ్వరికీ తెల్వదు. గ్రబ్ జోలికి పోవద్దు.

ఇప్పుడున్న ఈఎన్ పేర్ల పద్ధతి సిస్టమ్‌డీ (లినక్స్‌ల సర్వీసులు లేపి నడిపే ప్రోగ్రామ్) 197తోని, అంటే 2013ల, వచ్చింది. పేరు పెట్టేటప్పుడు ముందు ఫర్మ్‌వేర్‌ను (బోర్డుల ఉండే బయోస్‌ను) అడుగుతది: ఇది బోర్డు మీది పోర్టా, నంబర్ ఎంత? చెప్తే ఈఎన్‌ఓ1. చెప్పకపోతే స్లాట్ నంబర్ చూస్తది, దొరికితే ఈఎన్‌ఎస్. అదీ లేకపోతే పీసీఐ అడ్రస్‌తోని ఈఎన్‌పీ. నీ కార్డుకు స్లాట్ నంబర్ దొరకలే, అందుకే మూడోదానికి దిగింది.

ఈఎన్‌పీ3ల 3 అంటే పీసీఐ బస్ నంబర్. అది స్లాట్ మీద అచ్చేసిన నంబర్ కాదు. మెషిన్ లేసేటప్పుడు బ్రిడ్జిలను వరుసగా చూసుకుంట పంచుకపోయే నంబర్. నీ కొత్త అడాప్టర్ ఆ వరుసల ముందుకు వచ్చి 3 తీసుకున్నది, నెట్‌వర్క్ కార్డు 4కు జరిగింది. ఈఎన్‌ఓ1 నంబర్ ఫర్మ్‌వేర్‌ల రాసి ఉంటది కాబట్టి అది కదలదు. అంటే ఈఎన్‌పీ పేరు రీబూట్‌కు మారదు గని, లోపల కార్డులు అటిటు అయితే మారుతది.

ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌తోని (కార్డుల లిస్టు చూపేది) సరిచూసేటోళ్లు ఒకటి యాది పెట్టుకోవాలె. అక్కడ బస్ నంబర్ హెక్సాల (16 ఆధారం లెక్కల) ఉంటది, ఇంటర్‌ఫేస్ పేరుల మామూలు అంకెలల్ల ఉంటది. ఎల్‌ఎస్‌పీసీఐల 3బీ:00.0 కనవడ్తే పేరు ఈఎన్‌పీ59ఎస్0ఎఫ్0. పెద్ద సర్వర్లల్ల ఇది తెల్వక కార్డు కనవడ్తలేదని దేవులాడుతుంటరు.

గోదావరిఖని_రూట్:
కారణం పైన చెప్పేశారు, మార్గం నేను రాస్తాను. పేరు మీరే పెట్టండి.

ముందు ఈటీహెచ్‌టూల్ కమాండ్‌కి పెద్ద పీ ఆప్షన్ ఇచ్చి ప్రతి పోర్టు అసలు మ్యాక్ (హార్డ్‌వేర్ అడ్రస్) రాసుకోండి. అదే చిన్న పీ అయితే పోర్టు దగ్గర లైటు మిణుకుతుంది. ఏ కేబుల్ ఏ పోర్టుదో అప్పుడే చూసి లేబుల్ అంటించండి. తర్వాత /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ కింద పోర్టుకొక ఫైల్, పేరు 10-ల్యాన్0.లింక్ లాగ:

[మ్యాచ్]
పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్=(రాసుకున్న మ్యాక్)
[లింక్]
నేమ్=ల్యాన్0

ముందు 10 ఎందుకంటే, వరుసలో మొదట సరిపోయిన ఒక్క ఫైలే పనిచేస్తుంది, 99-డిఫాల్ట్.లింక్ కంటే మనది ముందుండాలి. పేరు ఈటీహెచ్0 అని మాత్రం పెట్టకండి, కెర్నెల్ అప్పటికే ఆ పేరు ఇంకో పోర్టుకు ఇచ్చి ఉంటే మార్పు జరగదు. పొడుగు 15 అక్షరాలు దాటకూడదు. కొన్ని డ్రైవర్లు చివర ఎన్‌పీ0 కూడా తగిలిస్తాయి. ఈఎన్‌పీ59ఎస్0ఎఫ్0ఎన్‌పీ0 ఇంగ్లిష్‌లో 12 అక్షరాలు, దాని మీద .100 అని వీల్యాన్ పెడితే 16, ఇక తయారు కాదు. వీల్యాన్‌లు ఉన్నచోట చిన్న పేరే మేలు.

ఇప్పుడు అందరూ వదిలేసే పని. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ కొట్టాలి, రెడ్ హ్యాట్ వైపు అయితే డ్రాకట్ -ఎఫ్. లింక్ ఫైళ్ల కాపీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్‌లో) కూడా ఉంటుంది, పేరు పెట్టే పని చాలాసార్లు అక్కడే అయిపోతుంది. ఆ కాపీ పాతదైతే పేరూ పాతదే వస్తుంది. నెట్‌ప్లాన్ ఫైల్‌లో కొత్త పేర్లు రాసి, నెట్‌ప్లాన్ జనరేట్‌తో తప్పులు చూసుకుని అప్పుడు రీబూట్ చేయండి. దూరం నుంచి చేసేటట్టయితే ఐపీఎంఐ కన్సోల్ (సర్వర్ నెట్‌వర్క్ పోయినా దూరం నుంచి దాని తెర చూపేది) తెరిచి పెట్టుకోకుండా ముట్టుకోవద్దు.

నెట్‌ప్లాన్‌లోనే మ్యాచ్, సెట్-నేమ్ రాసినా ఇదే పని జరుగుతుంది. ఏదో ఒకచోటే రాయండి, రెండుచోట్లా రాస్తే రేపు చూసేవాళ్లకు ఏది నడుస్తుందో అర్థం కాదు.

మడికొండ_సిస్టమ్స్:
మంచిగ అర్థమైంది అన్నా. రెండు డౌట్లు. ఆ రెండు పోర్టులు బాండ్‌ల (రెండూ కలిపి ఒకటే లింకు లెక్క) ఉన్నయ్, రెండింటికీ ఒకటే మ్యాక్ కనవడ్తంది. అప్పుడెట్ల? రేపు కార్డే కాలిపోతే?

మానేరు_నెట్:
బాండ్‌ల చేరినంక రెండు పోర్టులకు ఒకటే మ్యాక్ పెడ్తది, మీద కట్టిన వీల్యాన్‌లకు కూడా అదే వస్తది. అందుకే పైన పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్ అని రాసిన్రు. మామూలు మ్యాక్‌అడ్రస్= రాస్తే ఆ లైన్ బాండ్‌కు, వీల్యాన్‌కు కూడా తగిలి, ఒకటే పేరుకు అన్నీ కొట్లాడుకుంటయ్. పర్మనెంట్ అంటే కార్డుల కాల్చి ఉన్న మ్యాక్, బాండ్ దాన్ని ముట్టదు.

కార్డు మారితే మ్యాక్ మారుతది, ఫైల్‌ల కూడా మార్చాలె. స్పేర్ కార్డు ఉంటే దాని మ్యాక్ కూడా ఇప్పుడే ఆ లైన్‌ల పక్కన స్పేస్ ఇచ్చి రాయి, రెండుంటే ఏదైనా సరిపోతది. ఒకటే తీరు సర్వర్లు పదుల కొద్దీ ఉండి, లోపల కార్డులు అసలు కదలని చోట అయితే మ్యాక్‌కు బదులు పాత్=పీసీఐ-0000:3బీ:00.0 అని రాసుకుంటరు. అప్పుడు కాలిన కార్డు తీసి అదే స్లాట్‌ల కొత్తది పెడ్తే చాలు, ఫైల్ ముట్టే పని లేదు. నీ టవర్‌ల మాత్రం అది వద్దు, మళ్ల ఒక కార్డు పెడ్తే బస్ నంబర్ మళ్ల జరుగుతది.

గోదావరిఖని_రూట్:
ఇంకొకటి. డిఫాల్ట్ ఫైల్ పక్కకు పోయింది కాబట్టి అది ఇచ్చే ఆల్ట్‌నేమ్‌లు (అదే పోర్టుకు ఉండే మారు పేర్లు) కూడా పోతాయి. [లింక్] కింద ఆల్టర్నేటివ్‌నేమ్స్‌పాలసీ=డేటాబేస్ ఆన్‌బోర్డ్ స్లాట్ పాత్ అని ఒక లైన్ చేర్చండి. ఐపీ లింక్ చూస్తే ల్యాన్0 కింద ఈఎన్‌పీ4ఎస్0ఎఫ్0 కూడా కనిపిస్తుంది, ఏ పోర్టు ఏ బస్ మీద ఉందో మళ్లీ వెతుక్కునే పని ఉండదు.