క్రిప్టో కోడ్: ప్రాసెసర్‌కొక అసెంబ్లీ రాయాలా, అన్నిటికీ ఒకే సీ కోడ్ చాలా?

బిట్‌రాత:
మా టీమ్‌లో ఈ వాదన ఎంతకీ తెగడం లేదు. లైబ్రరీ ఇంటెల్ సర్వర్ల మీదా, చిన్న ఆర్మ్ బోర్డుల మీదా నడవాలి. నా ఓటు సీకే. చిప్పుకొక అసెంబ్లీ (ఆ చిప్ ఇన్‌స్ట్రక్షన్లని నేరుగా రాసే భాష) ఫైలు పెడితే వాటన్నిటినీ చదివి సరిచూసేదెవరు? 2022 జూన్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే క్రిప్టో లైబ్రరీ 3.0.4 వెర్షన్‌నే తీసుకోండి. ఏవీఎక్స్-512 ఐఎఫ్ఎమ్ఏ (512 బిట్ల పెద్ద రిజిస్టర్లతో గుణించే ఇన్‌స్ట్రక్షన్లు) ఉన్న ప్రాసెసర్ల కోసం పెట్టిన 2048 బిట్ల ఆర్ఎస్ఏ ఎన్‌క్రిప్షన్ కోడ్ మెమరీని పాడుచేసింది. ఆ ఇన్‌స్ట్రక్షన్లు లేని మెషీన్‌లో ఎన్ని టెస్టులు నడిపినా ఈ బగ్ కనబడదు.

సున్నాఒకటి:
మరి వేగం మాటేమిటి? 2010 నుంచి ఇంటెల్ చిప్పుల్లో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు వస్తున్నాయి. ఒక రౌండుకి ఒక్క ఇన్‌స్ట్రక్షన్. మామూలు సీ కోడ్ దాని దరిదాపుల్లోకి రాదు.

బిట్‌రాత:
వాటిని ఇంట్రిన్సిక్స్‌తో, అంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి కంపైలర్ ఇచ్చే ఫంక్షన్లతో, సీ నుంచే పిలవొచ్చు కదండీ. అవి లేని చిప్పులకి చాచా20 అనే మరో ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంది. అందులో కూడిక, రొటేట్, ఎక్సార్ తప్ప ఇంకేమీ లేవు.

మెషీన్‌భాష:
ఇద్దరూ వేగం దగ్గరే ఆగిపోయారు. నాకు అసలు భయం కీ బయటపడటం గురించి. రహస్య విలువని బట్టి కోడ్ నడిచే సమయం మారితే, ఆ సమయాన్ని కొలిచి కీని పట్టేయొచ్చు. కోడ్ ఎంతసేపు నడవాలో సీ భాష ఎక్కడా చెప్పదు. ఆ సంగతి సీని మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్‌కీ పట్టదు.

క్వాంటమ్ కంప్యూటర్లనీ తట్టుకోవడానికి చేసిన కైబర్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి రిఫరెన్స్ కోడ్‌లో మెసేజ్‌లోని ప్రతి బిట్‌నీ 0గానో 1665గానో మార్చే చోటు ఒకటుంది. రాసినవాళ్లు జాగ్రత్తపరులే. ఇఫ్ పెట్టకుండా, బిట్ నుంచి మాస్క్ (అన్నీ 0లు లేదా అన్నీ 1లు ఉండే విలువ) చేసి ఆండ్ చేశారు. కానీ ఆ మాస్క్‌కి రెండే విలువలుంటాయని క్లాంగ్ అనే కంపైలర్ కనిపెట్టి, కొన్ని ఆప్టిమైజేషన్ ఫ్లాగులతో దాన్ని తిరిగి బ్రాంచ్‌గా, అంటే ఇఫ్ లాంటి దారిగా, మార్చేసింది! 2024లో ఆ టైమింగ్ తేడాని కొలిచి, నిమిషాల్లో సీక్రెట్ కీ లాగి చూపించారు. సీ కోడ్‌ని ఎన్నిసార్లు రివ్యూ చేసినా ఇది దొరకదు.

చిప్పుల తేడా ఇంకొకటి. చిన్న బోర్డుల్లో వాడే కార్టెక్స్-ఎం3 అనే ఆర్మ్ చిప్‌లో 64 బిట్ల ఫలితమిచ్చే గుణకారానికి, విలువలని బట్టి 3 నుంచి 5 క్లాక్ సైకిళ్లు పడుతుంది. అంటే సర్వర్ మీద భద్రంగా నడిచే సీ కోడే ఆ బోర్డు మీద రహస్యాన్ని కారుస్తుంది. ఒకే కోడ్ అన్నిచోట్లా ఒకేలా ఉంటుందనుకోవడమే పొరపాటు. రహస్యాన్ని తాకే లోపలి లూపులు అసెంబ్లీలోనే ఉండాలి, మిగతాదంతా సీలో రాసుకోండి.

సున్నాఒకటి:
అలాగని పెద్ద రిజిస్టర్లన్నీ వాడేయకండి. ఇంటెల్ స్కైలేక్ సర్వర్లలో ఏవీఎక్స్-512 గుణకారాలు ఎక్కువైతే క్లాక్ తగ్గుతుంది, పక్కనున్న మామూలు కోడ్ కూడా నెమ్మదిస్తుంది.

బిట్‌రాత:
కైబర్ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మా టీమ్‌లో అసెంబ్లీ రాసి, అది సరైనదేనని నిరూపించగల మనిషి లేరు.

మెషీన్‌భాష:
అయితే సొంతంగా రాయొద్దు. ఎస్2ఎన్-బిగ్‌నమ్ అనే పెద్ద సంఖ్యల లెక్కల లైబ్రరీలో ఇంటెల్‌కీ ఆర్మ్‌కీ విడివిడిగా రాసిన అసెంబ్లీ ఉంది. గణిత నిరూపణలని సరిచూసే హోల్ లైట్ సాఫ్ట్‌వేర్‌తో మెషీన్ కోడ్ స్థాయిలోనే దాన్ని నిరూపించారు. అది 64 బిట్ల చిప్పులకే, చిన్న బోర్డులకి పనికిరాదు. అక్కడ సీ తప్పదంటే, సీక్రెట్ మెమరీని అన్‌ఇనిషియలైజ్డ్‌గా (ఇంకా విలువ పెట్టనిదిగా) గుర్తుపెట్టి, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్‌లో నడపండి. దాని మీద ఆధారపడిన బ్రాంచ్ వస్తే అరుస్తుంది, గుణకారం సంగతి మాత్రం పట్టుకోలేదు. కంపైలర్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ మళ్లీ నడపాలి.