మూడో తరగతి పిల్లాడు: చదువు, కోపం, స్నేహాలు. ఇంట్లో మనం ఏం చెయ్యాల?

అనంతపురం నాన్న

అందరికీ నమస్కారం. మావాడికి ఎనిమిదేళ్లు నిండినాయి. మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు పాఠం గడగడా చదువుతాడు గానీ, "ఏముందిరా ఇందులో?" అంటే నోరు మెదపడు. కూడికలు బాగానే చేస్తాడు, తీసివేతలు సగం తప్పు. ఆటలో ఓడిపోతే పావులు విసిరికొట్టి ఏడుస్తాడు. అందుకే వీధిలో పిల్లోళ్లు వాణ్ని చేర్చుకోవడం మానేసినారు. అందరూ ట్యూషన్‌లో వెయ్యమంటాండారు. నేను అంగడి మూసి ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. మా ఆవిడ పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది, ఇంగ్లీషు పుస్తకమంటే జంకుతుంది. సాయంత్రం ముక్కాలు గంట మాత్రం వాడి కోసం కూర్చోగలదు. ఆ టైములో ఏం చేయించాల, ఏం చేయించకూడదు?

పలకా బలపం (కర్నూలు)

అన్నా, ట్యూషన్ సంగతి తర్వాత. వాడు ఎక్కడ ఆగిపోయినాడో ముందు చూడాల. లేకపోతే ట్యూషన్‌లో కూడా అదే పాఠం ఇంకోసారి గడగడా చదువుతాడు, అంతే.

వాడు ఇంతవరకు చూడని చిన్న కథ ఒకటి తీసుకోండి. బడి పుస్తకం వద్దు, వినీ వినీ అది సగం కంఠతా వచ్చేసి ఉంటుంది. యాభై మాటల దగ్గర చిన్న గుర్తు పెట్టి చదవమనండి. మధ్యలో దిద్దొద్దు. తప్పు చదివిన మాట కింద పెన్సిల్‌తో సన్నగా గీయండి. యాభైలో అయిదు మించితే ఆ కథ వాడికి బరువన్నట్టే, ఇంకా తేలికది ఇవ్వాల. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ చదువుల పథకంలో పెట్టుకున్న లక్ష్యం. తెలుగులో ఒక్కో మాట పొడుగు కాబట్టి గడియారం పట్టుకుని తరమకండి, తప్పులు ఎక్కడ వస్తున్నాయో చూడండి.

తప్పులు మామూలుగా రెండు చోట్ల కనిపిస్తాయి. ఒకటి ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలాగా ఉండవు, అక్కడే పిల్లలు తడబడి మాటను ఊహించి చెప్పేస్తారు. అత్త, అన్నం, పద్మ, వాక్యం, చక్రం, పిల్ల అని ఆరు చీటీలు రాసి చదివిస్తే ఏ ఒత్తు రాలేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రెండోది హ్రస్వ దీర్ఘాలు: కొన, కోన, వెల, వేల. ఇవి జంటలుగా చూపించాల. తప్పిన మాటను ఇరవైసార్లు రాయించొద్దు. మూడోసారి నుంచి చెయ్యి రాస్తూ ఉంటుంది, కళ్లు అక్షరాన్ని చూడవు. అదే ఒత్తు ఉన్న వేరే మాటలు ఆరు చదివిస్తే మేలు.

అర్థం కోసం పేజీ అంతా అయ్యేదాకా ఆగకుండా రెండు మూడు వాక్యాలకోసారి ఆపండి. "ఎవరు వచ్చినారు? ఎందుకు? ఇప్పుడు ఏం జరగొచ్చు?" ఈ మూడు ప్రశ్నలు చాలు. మూడోదానికి తప్పు జవాబు ఉండదు కాబట్టి మాట్లాడని పిల్లలు కూడా నోరు తెరుస్తారు. ఇది మీ ఆవిడ హాయిగా చేయించగలదు, ఇంగ్లీషుతో పనే లేదు. ఇంగ్లీషు లెక్కల పుస్తకమైనా అంతే. మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. ముందు తెలుగు పేజీలో లెక్క ఏమడుగుతోందో వాడి నోటితో చెప్పించి, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీకి పోవాల.

ఇక తీసివేతలు. 402లోంచి 157 తీసెయ్యమనండి. 355 వచ్చిందంటే రోగం దొరికినట్టే: వాడు ప్రతి చోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తున్నాడు, పైదా కిందిదా చూడడం లేదు. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని ఎన్నిసార్లు చెప్పినా ఇది పోదు, మధ్యలో సున్నా ఉంది, అప్పు ఇచ్చేవాడే లేడు. కాగితం ముక్కల మీద వంద, పది, ఒకటి అని రాసి నోట్లు తయారు చేయించండి. చేతిలో నాలుగు వందలు, రెండు ఒకట్లు. మీ అంగట్లో లాగా 157 ఇవ్వమనండి. ఒక వందను పది పదులుగా చిల్లర మార్చాల, అందులో ఒక పదిని మళ్లీ పది ఒకట్లుగా మార్చాల. ఇప్పుడు చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. 157 ఇచ్చేస్తే మిగిలేది 245. వారం రోజులు నోట్లతోనే చేయించండి. తర్వాత నోట్లు మారుస్తూనే పక్కన పలక మీద అదే రాయించండి. నోట్లు లేకుండా రాయడం ఆఖర్న.

ప్రొద్దుటూరు వాసి

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ ఎక్కాల మాటేమిటి? రోజూ పొద్దున ఇరవై దాకా గట్టిగా చదివిస్తే లెక్కలు వాటంతటవే వస్తాయి.

పలకా బలపం (కర్నూలు)

ఎక్కాలు నోటికి రావాల, అందులో మీతో పేచీ లేదు. కానీ మూడో తరగతిలో పది దాకా గట్టిగా వస్తే చాలు, ఇరవై దాకా తొందర లేదు. వరసలో మాత్రమే వచ్చే ఎక్కం లెక్కలో పనికిరాదు. ఏడెనిమిదులు ఎంతంటే కొందరు ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెడతారు చూడండి. విడగొట్టడం నేర్పాల: అయిదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే యాభై ఆరు. వామనగుంటలు ఆడినా ఇదే పని జరుగుతుంది. పధ్నాలుగు గుంటలు, గుంటకు అయిదు చింతగింజలు, మొత్తం ఎన్ని కావాలో వాణ్నే లెక్కేసి తెమ్మనండి.

కడప అక్క

చదువు సంగతి పైన వివరంగా చెప్పినారు. నేను కోపం గురించి రాస్తా. ఇది సర్దుకోకపోతే ఆ ముక్కాలు గంటలో అరగంట ఏడుపులోనే పోతుంది.

ఓడితే విసిరికొట్టే పిల్లలున్న ఇంట్లో కొందరు పెద్దలు కావాలని ఓడిపోతారు. దాంతో ఇంట్లో గెలుపు అలవాటై వీధిలో ఓటమి మరింత చేదవుతుంది. కొందరు ఏడుపు మధ్యలోనే బుద్ధులు చెప్తారు. అప్పుడు ఏమీ చెవికెక్కదు. "కోపం వచ్చింది కదా, కాసేపు కూర్చో" అని ఒక్క మాట చెప్పి, పక్కనే ఉండి ఊరుకోండి. మంచినీళ్లు ఇవ్వండి. ఊపిరి మామూలుగా ఆడేదాకా, అది పావుగంట అయినా సరే, ఏ ప్రశ్నా వద్దు. తర్వాత కూడా మొదటి మాట "ఎందుకు విసిరినావు?" కాకూడదు. "గెలిచేదాకా వచ్చి పోయిందని ఉక్రోషం వచ్చినట్టుంది" అనండి. లోపల ఏమవుతోందో దానికి మాట దొరికితే చేతులు కొంచెం ఆగుతాయి. కోపం, ఉక్రోషం, దిగులు, సిగ్గు, భయం వేరు వేరని ఎనిమిదేళ్ల పిల్లాడికి బాగా తెలుస్తుంది, మనం ఆ మాటలు వాడితే.

ఓడిపోవడం కూడా సాధన చేయించాల్సిన పనే. అష్టాచెమ్మాతో మొదలుపెట్టండి. గవ్వలు పడటం అదృష్టం కాబట్టి "నాకు రాదు" అనే బాధ తక్కువ. నాలుగు కాయలైతే ఆట చాలాసేపు సాగుతుంది, అందుకే రెండు కాయలతో ఆడండి. ఆటకు ముందే అడగండి: "ఓడిపోయినోళ్లు ఏం చెయ్యాల?" కాయలు, గవ్వలు డబ్బాలో వేసి "ఇంకో ఆట" అనాలని వాడితోనే చెప్పించండి. విసిరితే ఆ రోజుకు ఆట బంద్. తిట్టొద్దు, సర్దుకున్నాక వాడే ఏరాల. రేపు అదే టైముకి మళ్లీ ఆడండి. వారం రోజులు ఆట మానిపిస్తే నేర్చుకునే అవకాశమే పోతుంది. ఓర్పు కుదిరినాక పులి-మేక పట్టుకోండి. ఒక ఆట పులులతో, ఒక ఆట మేకలతో ఆడితే ఎదుటోడి వైపు నుంచి చూడటం వస్తుంది.

వీధి పిల్లల సంగతి: గుంపులోకి ఒక్కసారిగా తోయకండి. వాడి ఈడు పిల్లాడినో, ఒక ఏడు చిన్నవాడినో ఒక్కణ్నే గంటసేపు ఇంటికి పిలవండి. ఇద్దరూ కలిసి చేసే పని ఇవ్వండి, గాలిపటం అంటించడం, మిద్దెపైన మొక్కలకు నీళ్లు పోయడం లాంటిది. గెలుపోటముల ఆట మొదటి రెండు మూడుసార్లు వద్దు. పిలవని ఆటలో దూరే పిల్లల్ని ఎవరూ రానివ్వరు. కొంచెంసేపు చూసి, ఒక ఆట అయినాక "ఈసారి నన్నూ చేర్చుకుంటారా?" అని అడగడం ఇంట్లోనే రెండుసార్లు పలికించండి.

అన్నా, మీరు ఎనిమిదిన్నరకు వస్తారన్నారు. ఆ వేళ మీకు పొద్దుటి నుంచి జరిగిన ఫిర్యాదులన్నీ వాడి ముందే వినిపిస్తే మీరు ఇంట్లో పోలీసు అయిపోతారు. "నాన్న రానీ చెప్తా" అనే మాట మీ ఆవిడతో మానిపించండి. ఆ వేళ పుస్తకం తెరవొద్దు. తినేటప్పుడు ఫోన్లు పక్కన పెట్టి, బడిలో ఈరోజు ఎవరితో కూర్చున్నాడో, ఏం నవ్వొచ్చిందో అడగండి. మార్కులు అడగొద్దు.

అనంతపురం నాన్న

అక్కా, "నాన్న రానీ" మాట మా ఇంట్లో రోజూ ఉండాది. ఈ రాత్రే మాట్లాడతా. ఇంకొకటి, బడి నుంచి రాగానే కూర్చోబెట్టాలా, ఆడుకున్నాకనా? అవ్వ దగ్గర ఒక మాట, అమ్మ దగ్గర ఒక మాట నడుస్తాంది.

ఆదోని టీచరు

రాగానే వద్దు. కాళ్లు కడుక్కుని బొరుగులో, ఉడికించిన శెనక్కాయలో తిని, ఎండ తగ్గినాక గంట ఆడుకోనివ్వండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఆరున్నరకు కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు చదువు, అయిదు నిమిషాలు విరామం, ఇరవై నిమిషాలు లెక్కలు. వీడి ఈడు పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాల. ఆరింటికి లేపాలంటే తొమ్మిదికి పడుకోవాల్సిందే. నిద్ర చాలని పిల్లాడి ఉక్రోషాన్ని పొగరనుకుంటాం.

అవ్వతో వాదన వద్దు. ఇంట్లో రెండే రెండు నియమాలు, ఆమెను కూడా కూర్చోబెట్టుకుని ఒప్పుకోండి: హోంవర్కు అయ్యేదాకా ఫోన్ లేదు, ఏడిస్తే చాక్లెట్ లేదు. ఎక్కువ పెడితే ఒక్కటీ నిలవదు. మా వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు దిక్కు వలస పోయినప్పుడు పిల్లలు అవ్వాతాతల దగ్గరే ఉంటారు. అక్కడా పనిచేసేవి ఈ రెండు నియమాలే, వాటితోపాటు రోజూ ఒకే వేళకు అమ్మానాన్నల ఫోన్.

ఒక పని మాత్రం ఈ వారమే చెయ్యండి. కళ్లు పరీక్ష చేయించండి. పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకున్నా, వరస తప్పి కింది వరస చదివినా, నల్లబల్ల చూసి తప్పుగా ఎక్కించుకున్నా చూపు అనుమానించాల. చెవులు కూడా. ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే ప్రభుత్వ పథకం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలకు 18 ఏళ్ల దాకా ఈ పరీక్షలు ఉచితం, మీ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. క్లాసు టీచర్‌ను కలిసినప్పుడు "ఎట్ల చదువుతున్నాడు?" అంటే "పర్వాలేదు" అంటారు. "ఏ ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు, క్లాసులో ఎవరి పక్కన కూర్చుంటాడు, మధ్యాన్నం ఎవరితో తింటాడు" అని అడగండి. పైన చెప్పినవన్నీ మూడు నెలలు వదలకుండా చేసినా తేలిక మాటలు కూడా రాకపోతే, అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బంది) ఉందేమో డాక్టరుకు చూపించాల. ఎనిమిదేళ్లు నిండినాయి కాబట్టి ఇది సరైన వయసే. కోపం మీకు అదుపు కాదనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.