సెమినల్ అంటే బీజప్రాయమేనా?

మొన్న కడపలో ఒక సావనీరు ప్రూఫులు దిద్దమని ఇచ్చారు. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసిన వేమన పద్యాల మీద ఇంగ్లీషు వ్యాసానికి తెలుగు అది. మూడో పేరాలో ‘బ్రౌన్ చేసిన వీర్య సంబంధమైన కృషి’ అని ఉంది! నవ్వాలో తల పట్టుకోవాలో తెలీలేదు. అసలు మాట సెమినల్, పాపం దాన్ని తెలుగు చేసిన పిల్లోడు డిక్షనరీలో మొదట కనబడిన అర్థాన్ని దించేశాడు.

అట్లని అది పూర్తిగా తప్పనడానికీ లేదు. లాటిన్‌లో సెమెన్ అంటే విత్తనం, చేనుకు వేసేదైనా మనిషిదైనా. మన బీజం కూడా అంతే కదా. దాన్నుంచే సెమినారియమ్ అనే మాట పుట్టింది, అంటే నారుమడి. పాస్టర్లు చదివే సెమినరీ ఆ నారుమడే, జర్మన్ యూనివర్సిటీల మీదుగా 19వ శతాబ్దంలో ఇంగ్లీషుకు వచ్చిన సెమినార్ కూడా అదే (మన సెమినార్లలో మొలిచేదేముంది, భోజనాలు తప్ప).

నేను ‘బీజప్రాయమైన’ అని దిద్దితే పక్కనున్న సార్ ఒప్పుకోలేదు. ఆలోచిస్తే ఆయన మాటే రైటు. బీజప్రాయం అంటే ఇంకా మొలవనిది, రూపు రానిది. సెమినల్ అంటే మొలిచి, కాసి, ఆ కాయల్లోంచే పక్క చేన్లవాళ్లు కూడా విత్తనానికి తీసుకుపోయినట్టు. చివరికి ‘వేమన మీద తర్వాత జరిగిన పనికి బీజం వేసిన కృషి’ అని పెట్టినాం.

నాకు ఇంకా నచ్చింది డిసెమినేట్. దాంట్లోనూ అదే విత్తనం. ప్రచారం, వ్యాప్తి అని రాస్తుంటాం గానీ వెదజల్లడం ఉండనే ఉంది, వెద అంటే విత్తడమే. మా నాయన శెనక్కాయలకు గొర్రు కట్టేవాడు, ఉలవలకు మాత్రం పంచెను ఒడిలా కట్టుకొని, గింజలు అందులో పోసుకొని, అడుగుకో పిడికిలి చొప్పున విసురుతూ పోయేవాడు. రేడియో రాకముందు బ్రాడ్‌కాస్ట్ అన్నా ఇంగ్లీషు రైతుకు ఇదే పని.

— అన్నా, మరి కాన్సెప్ట్? దాంట్లో విత్తనం లేదా?

— లేదబ్బా, అది కడుపు. లోపలికి తీసుకొని పట్టి ఉంచుకోవడం అని లాటిన్ అర్థం. కన్సీవ్ అంటే నెల తప్పడమూ అదే, ఆలోచన పుట్టడమూ అదే. మనం భావన అని పెట్టుకున్నాం, బాగానే ఉంది. దాన్ని మాత్రం ఆ పిల్లోడి చేతికి ఇవ్వొద్దు.